షిన్ గార్డులు ఎలా ఎంచుకోవాలి: ఫుట్‌బాల్ ఆడేవారికి, ఆడే పిల్లల తల్లిదండ్రులకు

మోకాలి చిప్ప కింద నుంచి చీలమండ దాకా కాలి ముందు భాగాన్ని ఒకసారి బొటనవేలితో నొక్కుతూ రండి. వెనక పిక్క వైపు తగిలే కండ ఇక్కడ తగలదు. పలచని చర్మం, దాని కిందే ఎముక. బళ్లో అంతర్జంఘిక అని చదువుకున్న ఎముక ఇదే. ఒంటి బరువు మోసే ఇంత ముఖ్యమైన ఎముకకు ముందు వైపు కండ అండ లేదు. పైగా ఎముకను అంటిపెట్టుకున్న పొరలో నరాలు దండిగా ఉంటాయి. అక్కడ మంచం కోడు తగిలినా ప్రాణం విలవిలలాడేది అందుకే. ఇక ఫుట్‌బాల్‌లో ఒకే బంతి కోసం ఇద్దరు కాళ్లు చాపితే మొదట ఢీకొనేది చాలాసార్లు ఈ చోటే. ఈ చోటును కాపాడే కవచమే షిన్ గార్డు.

ఆట నియమాల్లో నాలుగోది ఆటగాడి సామగ్రి గురించి చెబుతుంది. చొక్కా, నిక్కరు, సాక్స్, బూట్లతో పాటు షిన్ గార్డులు కూడా తప్పనిసరి. అవి తగినంత రక్షణ ఇచ్చే పదార్థంతో తయారై ఉండాలి, సాక్స్ వాటిని పూర్తిగా కప్పాలి. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 1990లో వీటిని తప్పనిసరి చేసింది. అయితే హైదరాబాద్‌లో ఎక్కువ మంది ఆడేది రిఫరీ ఉన్న మ్యాచుల్లో కాదు. గచ్చిబౌలిలోనో, కొండాపూర్‌లోనో, నాగోల్‌లోనో ఆఫీసు అయ్యాక రాత్రి తొమ్మిదికి గంట లెక్కన అద్దెకు తీసుకున్న టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద ఆడతారు. అక్కడ గార్డులున్నాయా అని అడిగే వారుండరు. అడగరు కాబట్టి తొడుక్కోరు. నా దృష్టిలో గార్డులు మరింత అవసరమైన చోటు అదే. చిన్న చోటులో ఐదుగురు ఐదుగురు ఆడుతున్నప్పుడు కాళ్లు దగ్గర దగ్గరగా కదులుతాయి, బంతి మీదికి ఇద్దరు ముగ్గురు ఒకేసారి వస్తారు, చుట్టూ వల ఉండటంతో తప్పుకోవడానికి చోటు తక్కువ. అవతలి వాడు వృత్తి ఆటగాడు కాడు, కాలు ఎక్కడ ఆపాలో అతనికి అంత అదుపు ఉండదు.

గార్డులు కొన్నవారిలో కూడా చాలామంది వాటిని సంచిలోనే ఉంచుతారు. కారణం అడిగితే ఒకటే జవాబు: గుచ్చుకుంటాయి, జారిపోతాయి, చెమట పడుతుంది. కాబట్టి ఈ వ్యాసం మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. హాయిగా ఉండటం, రక్షణ ఇవ్వడం రెండు వేర్వేరు గుణాలు కావు. కాలికి కుదరని గార్డు ఎంత ఖరీదైనదైనా అరగంటలో పక్కకు తిరుగుతుంది, లేదా విప్పేస్తారు. రెండు సందర్భాల్లోనూ ఎముక ముందు ఏమీ ఉండదు. అందుకే ముందు కొలత, తర్వాత రకం, ఆ తర్వాతే పదార్థం, పేరు, రంగు.

మొదట: ఎక్కడ, ఎవరితో ఆడుతున్నారో చూసుకోండి

అడుగున స్టడ్స్ (గట్టి గుబ్బలు) ఉన్న బూట్లతో, పదకొండు మంది జట్టుతో, మట్టి మైదానం మీదో గడ్డి మీదో ఆడుతుంటే గట్టి పైపెంకు, లోపల మందమైన మెత్త ఉన్న గార్డులే కావాలి. డిఫెన్స్‌లో, మధ్య వరుసలో ఆడేవారికి ట్యాకిళ్లు, అంటే బంతి కోసం కాలు అడ్డేసే సందర్భాలు, ఎక్కువ. వారు బరువు గురించి అంతగా ఆలోచించనక్కర్లేదు. పక్క గీతల వెంట పరుగెత్తే వింగర్లు తేలికైనవి ఇష్టపడతారు, అది సబబే. గోల్‌కీపర్‌కు గార్డులు అవసరం లేదనుకోవడం మాత్రం పొరపాటు. బంతి మీద పడుకున్న కీపర్ కాళ్ల మీదికి ఎదుటివాడి బూటు వేగంగా వస్తుంది, కీపర్‌కూ నియమం అదే.

టర్ఫ్ మీద చిన్న రబ్బరు గుబ్బల బూట్లతో ఆడేవారికి మధ్యస్థంగా ఉన్న తేలికపాటి గార్డు సరిపోతుంది. అయితే తేలిక అంటే బుల్లి అని కాదు. ఈ మధ్య అరచేతిలో ఇమిడిపోయే గార్డులు పెట్టుకుని సాక్స్ సగానికి దించి ఆడటం టీవీలో చూసి మన కుర్రాళ్లూ మొదలుపెట్టారు. స్కూటర్ మీద వెళ్తూ హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకోవడం లాంటిదే ఇది. వస్తువు దగ్గరే ఉంటుంది, కాపాడాల్సిన చోట ఉండదు. 2024–25 నియమావళిలో గార్డు పరిమాణం, తగినదా కాదా అన్న బాధ్యత ఆటగాడిదే అని స్పష్టంగా రాశారు. అంటే రిఫరీ చూసి వదిలేశాడు కదా అన్న ధీమా పనికిరాదు.

‘మా రోజుల్లో ఉత్త కాళ్లతో ఆడాం’ అనే పెద్దలు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. వారి మాట అబద్ధం కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద ఆడిన భారత జట్టులో ఎక్కువ మంది బూట్లు లేకుండానే ఆడారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ వారసత్వం మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఉత్త కాలికి ఉత్త కాలు తగలడం వేరు, స్టడ్స్ ఉన్న బూటు తగలడం వేరు. ఆ కాలపు సాహసాన్ని ఈ కాలపు పిల్లల ఎముకల మీద పరీక్షించకూడదు. నిజానికి గార్డుల చరిత్ర అంతకన్నా పాతది. 1874లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆటగాడు శామ్ వెల్లర్ విడోసన్ క్రికెట్ ప్యాడ్లను కత్తిరించి సాక్స్ పైన కట్టుకుని ఆడాడు.

తర్వాత: కొలత తీసుకోండి

దుకాణానికి బయల్దేరే ముందే ఇంట్లో ఈ పని చేయండి. ఐదు నిమిషాలు పట్టదు. ఆటకు వేసుకునే సాక్స్, బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చోండి. పాదం నేల మీద ఆనించి, మోకాలిని సరిగ్గా మడిచి ఉంచండి. ఇప్పుడు మడమ కదపకుండా వేళ్లను పైకి ఎత్తండి. పాదం, కాలు కలిసే చోట ముందు వైపు ఒక మడత పడుతుంది. ఆ మడతకు కాస్త పైన ఒక గుర్తు పెట్టండి. మోకాలి చిప్ప అడుగు నుంచి సుమారు ఐదు సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడు వేళ్ల వెడల్పు, కిందికి వచ్చి మరో గుర్తు పెట్టండి. ఈ రెండు గుర్తుల మధ్య దూరమే మీకు కావలసిన గార్డు పొడవు. దర్జీ వాడే మెత్తని టేపు ఉంటే మంచిది. లేదంటే దారంతో కొలిచి స్కేలు మీద పెట్టండి.

అదే టేపుతో పిక్క లావుగా ఉన్న చోట చుట్టుకొలత కూడా తీసి రాసి పెట్టుకోండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఎత్తు ఒకటే అయినా సన్నని కాళ్లు, బలమైన పిక్కలు ఉన్నవారికి ఒకే గార్డు నప్పదు. సన్నని కాలికి వెడల్పు గార్డు పెడితే రెండు అంచులూ చర్మానికి దూరంగా నిలబడి దెబ్బ తగిలినప్పుడు తిరుగుతాయి. లావు పిక్కకు సన్నని గార్డు పెడితే పక్క నుంచి వచ్చే దెబ్బ నేరుగా ఎముకకే తగులుతుంది, పట్టీ కూడా రక్తం ఆగేంత బిగుసుకుంటుంది.

డబ్బా మీద ఉండే స్మాల్, మీడియం, లార్జ్ అన్న అక్షరాలను నమ్మకండి. ఒక కంపెనీ 140 నుంచి 160 సెంటీమీటర్ల ఎత్తుకు మీడియం అంటే మరొకటి 160 నుంచి 170కి మీడియం అంటుంది. ఎక్కువ చార్టులు ఆటగాడి ఎత్తు మీద ఆధారపడి ఉంటాయి. ఎత్తు ఒక సూచన మాత్రమే. కొందరికి నడుము పై భాగం పొడవు, కొందరికి కాళ్లు పొడవు. మీరు రాసుకున్న రెండు అంకెలే అసలు లెక్క.

పిల్లల విషయంలో ఒక మాట. బడి బూట్లు, యూనిఫాం కొన్నట్టు ‘ఎదిగే పిల్లవాడు, ఒక సైజు పెద్దదే ఇవ్వండి’ అనే అలవాటు మన ఇళ్లలో ఉంది. గార్డుల దగ్గర ఆ అలవాటు పక్కన పెట్టండి. ఏదైనా సాయంత్రం పిల్లల ప్రాక్టీసు జరిగే మైదానం గట్టున నిలబడి చూడండి. పరుగు మధ్యలో ఆగి, వంగి, సాక్స్‌లోకి చెయ్యి దూర్చి, పక్కకు వెళ్లిన గార్డును ముందుకు తిప్పుకునే పిల్లవాడు ఒకడైనా కనిపిస్తాడు. ఈలోగా బంతి అతన్ని దాటిపోతుంది, కోచ్ కేకేస్తాడు. మళ్లీ పది అడుగులు పరుగెత్తగానే అది మళ్లీ తిరుగుతుంది. ఇంకో నాలుగు రోజులకు ఆ పిల్లవాడు గార్డు మానేస్తాడు. పెద్ద సైజు పై అంచు మోకాలికి, కింది అంచు పాదం మడతకు తగిలి ప్రతి అడుగులోనూ గీరుకుంటుంది. బూట్ల ఖర్చుతో పోలిస్తే సాధారణ గార్డుల ఖర్చు తక్కువే. ఈ ఏడాది కాలికి ఈ ఏడాది సైజే కొనండి.

ఆపైన: రకం తేల్చుకోండి

మన దుకాణాల్లో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి. సాక్స్ లోపలికి జార్చే ఉత్త పెంకు ఒకటి. పిక్క వెనక వెల్క్రో పట్టీ చుట్టే రకం మరొకటి. చీలమండ రెండు వైపులా గుండ్రని మెత్తలు, పాదం కింద నుంచి వచ్చే పట్టీ ఉన్నది మూడోది.

పదేళ్ల లోపు పిల్లలకు, కొత్తగా ఆట మొదలుపెట్టినవారికి మూడో రకమే నేను చెబుతాను. పిల్లల ఆటలో కాలు బంతికి తగిలేది సగం సార్లే, మిగతా సగం పక్కవాడి చీలమండకే. పాదం కింద పట్టీ ఉండటంతో గార్డు పైకి జరగదు, పక్కకు తిరగదు. పిల్లలు దాన్ని సర్దుకునే శ్రమ ఉండదు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, దానితో పాటే బూటు తొడిగించి చూడాలి. చీలమండ మెత్త బూటు అంచు కిందికి ఇరుక్కుంటే నడకే కష్టమవుతుంది. బూట్లు కొత్తగా కొంటున్నట్లయితే ఈ గార్డు వేసుకుని బూటు సైజు చూడండి.

ఆట మీద పట్టు వచ్చాక చీలమండ మెత్తలు బరువుగా, పాదం కదలికకు అడ్డంగా అనిపిస్తాయి. బంతిని పాదం లోపలి వైపుతో తాకినప్పుడు స్పర్శ తెలియదని పెద్ద పిల్లలు చెబుతారు, అది నిజమే. అప్పుడు సాక్స్ లోపలికి జార్చే మొదటి రకానికి మారవచ్చు. కానీ ఉత్త పెంకును సాక్స్‌లో పెట్టి వదిలేస్తే చెమటకు జారుతుంది. దానికి తోడుగా సాగే గుడ్డతో కుట్టిన తొడుగు ఒకటి వస్తుంది, దాని ముందు వైపు చిన్న జేబు ఉంటుంది. పెంకును ఆ జేబులో పెట్టి తొడుగును కాలికి ఎక్కిస్తే కదలదు. హైదరాబాద్ చెమటకు నేను చూసినంతలో బాగా నిలిచేది ఇదే. పట్టీ రకం వీటి మధ్యస్థం. పట్టీ ఒకటే ఉంటే గార్డు దాని చుట్టూ ఊగుతుంది, కింద పైన రెండు ఉంటే మేలు.

పదార్థం: పెంకు, మెత్త

గార్డు చేసే పని రెండు భాగాలు. గట్టి పెంకు ఒక చోట తగిలిన దెబ్బను తన వెడల్పంతా పరుస్తుంది. లోపలి మెత్త నలిగి, దెబ్బ ఎముకను చేరే సమయాన్ని కాస్త పొడిగిస్తుంది. దెబ్బ విస్తరించాలి, నెమ్మదించాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా గార్డు సగమే. పెంకు లేని మెత్త ప్యాడ్ బంతి తగిలితే కాపాడుతుంది, స్టడ్ తగిలితే కాదు. మెత్త లేని పెంకు దెబ్బను నేరుగా ఎముకకు అందిస్తుంది.

చవక రకాల్లో పెంకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. తేలిక, కొంచెం వంగుతుంది, గంట సేపు టర్ఫ్ ఆటకు చాలా వరకు సరిపోతుంది. ఫైబర్‌గ్లాస్ ఇంకా గట్టిది. కార్బన్ ఫైబర్ మరీ తేలిక, మరీ గట్టి, ధర కూడా అలాగే. వారానికి రెండుసార్లు సరదాగా ఆడేవారు కార్బన్ ఫైబర్ కోసం వేలు పోయడం అనవసరమని నా అభిప్రాయం. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనండి. లీగుల్లో ఆడుతూ తరచూ ట్యాకిళ్లు ఎదుర్కొనేవారికి మాత్రం గట్టి పెంకు మీద పెట్టే ఖర్చు వృథా కాదు. లోపలి మెత్త ఎక్కువగా ఈవీఏ అనే నురుగు పదార్థం.

దుకాణంలో ఈ రెండింటినీ చేత్తోనే పరీక్షించవచ్చు. గార్డును రెండు చేతులతో పొడవునా పట్టుకుని మధ్యలో రెండు బొటనవేళ్లతో నొక్కండి. కొద్దిగా వంగి వెంటనే తిరిగి రావాలి. చప్పున లోపలికి కుంగిపోతే పలచన. తర్వాత తిప్పి లోపలి మెత్తను బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట నెమ్మదిగా నిండుతూ మళ్లీ సమంగా అవ్వాలి. వేలికి పెంకు గట్టిగా తగిలిందంటే మెత్త చాలదు. గుంట అలాగే ఉండిపోతే అది నెల రోజుల్లో అణగారిపోతుంది. ఆ తర్వాత అంచుల చుట్టూ వేలు తిప్పండి. పెంకు అంచు ఎక్కడైనా మెత్తను దాటి బయటికి వచ్చిందా, గరుకుగా ఉందా చూడండి. కాలికి గీరుకునేది అక్కడే.

డబ్బా మీద లేదా గార్డు లోపల ఈఎన్ 13061 అన్న అంకె కనిపిస్తే అది ఫుట్‌బాల్ షిన్ గార్డులకు యూరప్ పెట్టిన ప్రమాణం. అమెరికా నుంచి వచ్చిన వాటి మీద నాక్సీ అనే సంస్థ ముద్ర ఉండవచ్చు. ఇవి ఉన్నవి పరీక్షకు నిలిచినవని అర్థం. రెండు జతలు కాలికి సమానంగా కుదిరినప్పుడు ముద్ర ఉన్నదే తీసుకోండి.

దుకాణంలో తొడిగి చూడటం

అబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ ప్రాంతాల్లోని క్రీడా సామగ్రి దుకాణాల్లోనూ, నగరం అంచున ఉన్న పెద్ద స్టోర్లలోనూ గార్డులు దొరుకుతాయి. ఎక్కడికి వెళ్లినా మీ సాక్స్, బూట్లు సంచిలో వేసుకుని వెళ్లండి. పాత దుకాణాల్లో గార్డును డబ్బాలోంచి తీసి ప్యాంటు మీదే కాలికి ఆనించి ‘సరిపోయింది సార్’ అంటారు. అలా కొనకండి. కాసేపు కూర్చుని తొడిగి చూస్తామని మర్యాదగా అడిగితే కాదనేవారు తక్కువ. పిల్లల కోసమైతే పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లండి, కొలత కాగితం మాత్రమే పట్టుకెళ్లకండి.

రెండు కాళ్లకూ తొడగండి. సాక్స్ పైకి లాగి బూట్లు వేసుకోండి. ముందు నిలబడి, తర్వాత గొంతు కూర్చోండి. మోకాలు మడిచినప్పుడు పై అంచు చిప్పకు తగలకూడదు. మునివేళ్ల మీద లేచి, మళ్లీ మడమ మీద నిలిచి వేళ్లు పైకెత్తండి. కింది అంచు పాదం మడతలో గుచ్చుకోకూడదు. ఇప్పుడు రెండు అంచుల పక్కనా వేలు పెట్టి చూడండి. గార్డు కాలి వంపును అనుసరించి అతుక్కుని ఉండాలి, అంచుకూ కాలికీ మధ్య వేలు దూరేంత సందు ఉండకూడదు. కుడి ఎడమల గుర్తులున్న గార్డులను తారుమారు చేయకండి. లోపలి వైపు, బయటి వైపు వంపులు ఒకేలా ఉండవు.

ఇక అసలు పరీక్ష. దుకాణం ముందు కాస్త చోటు ఉంటే నాలుగడుగులు వేగంగా వేసి చటుక్కున ఆగండి, పక్కకు తిరగండి, అక్కడికక్కడే గంతులు వేయండి. ఇబ్బంది పడకండి, కాలు మీది. తర్వాత కిందికి చూడకుండా సాక్స్ మీది నుంచే గార్డు మధ్య గీతను తడమండి. అది ఇంకా ఎముక మీదే ఉందా? రెండు వేళ్ల వెడల్పు పక్కకు జరిగి ఉంటే ఆ జత మీది కాదు. చివరగా పిడికిలి కణుపులతో గార్డు మీద ఓ మాదిరిగా కొట్టుకోండి. చప్పుడు వినిపించాలి, నొప్పి ఒక చోట పొడిచినట్టు ఉండకూడదు.

పిల్లలను ‘బాగుందా?’ అని అడిగితే ‘బాగుంది’ అనే అంటారు, కొత్త వస్తువు కదా. ‘ఎక్కడ గట్టిగా తగులుతోంది? వేలు పెట్టి చూపించు’ అని అడగండి. అప్పుడు నిజం తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనాల్సి వస్తే వెనక్కి తీసుకునే అవకాశం ఉందో లేదో ముందు చూసుకుని, ఇదంతా ఇంట్లోనే లేబుల్ తీయకుండా చేయండి.

ఎండ, చెమట, వాన

ఏప్రిల్, మే నెలల్లో నగరంలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం ఆరింటికి కూడా కృత్రిమ గడ్డి వేడిని వదులుతూనే ఉంటుంది. అలాంటప్పుడు నియోప్రీన్ రబ్బరు గుడ్డ వీపుగా ఉన్న గార్డు లోపల కాలు ఉడికిపోతుంది. కొందరికి ఆ పదార్థమే పడక దద్దుర్లు వస్తాయి. పెంకులో గాలి రంధ్రాలు, లోపల గాడులు పడిన మెత్త, పిక్క వెనక మూసివేయని అమరిక ఉన్నవి వేసవికి నప్పుతాయి. చర్మం సున్నితంగా ఉంటే గార్డు కింద ఒక పలచని సాక్స్ లేదా తొడుగు వేసుకోండి. గార్డును ఉత్త చర్మానికి ఆనించడం కన్నా ఇది హాయి, జారడమూ తగ్గుతుంది.

వానాకాలం ఇబ్బంది వేరు. కొన్ని రకాల నురుగు మెత్త నీరు పీల్చి బరువెక్కుతుంది, తడి సాక్స్ కిందికి జారి గార్డును లాక్కుపోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆడేవారు నీరు పీల్చని మెత్త ఉన్న గార్డును ఎంచుకోవాలి. టర్ఫ్‌లో చల్లే నల్లని రబ్బరు పలుకులు కూడా సాక్స్‌లోకి చేరి గార్డుకూ చర్మానికీ మధ్య ఇసుకలా రాపిడి పెడతాయి. విరామంలో ఒకసారి సాక్స్ దించి దులుపుకుంటే చాలు.

తొడుక్కునే వరస

తొడుగు, దానిలో గార్డు, పైన సాక్స్, చివర బూటు. చీలమండ రకమైతే ముందు పాదం పట్టీ సరిచేసి, పైకి లాగి, తర్వాత సాక్స్. గార్డు నిటారుగా ఉందా అన్నది నిలబడి చూసుకోండి, కూర్చుని పెట్టుకుంటే తరచూ కాస్త లోపలికి తిరిగి ఉంటుంది. సాక్స్ మోకాలి దాకా వచ్చే పొడవైనవే కావాలి. ఆఫీసు సాక్స్‌లో గార్డు పెట్టి ఆడేవారు గార్డు పై సగాన్ని గాలికి వదిలేస్తున్నారు.

జారుతుంటే సాక్స్ మీద, గార్డు కింది అంచుకు దిగువన ఒక చుట్టు, పై అంచుకు ఎగువన ఒక చుట్టు సాగే క్రీడా టేపు వేయండి. లాగి బిగించకండి. పాదం తిమ్మిరెక్కినా, వేళ్లు చల్లబడినా వెంటనే విప్పేయాలి. కరెంటు పనికి వాడే టేపు, రబ్బరు బ్యాండ్లు వద్దు, అవి ఒక చోటే బిగుసుకుని కాలిని నొక్కుతాయి. మ్యాచ్‌లో వేసుకునే ముందు ఒకటి రెండు ప్రాక్టీసులకు వాడితే గార్డు మీ కాలికి అలవాటవుతుంది.

గార్డు చేయలేనిది

గార్డు చర్మం చీరుకుపోవడాన్ని, కమిలిపోవడాన్ని బాగా తగ్గిస్తుంది, ఎముక మీద పడే దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. ఎముక విరగనే విరగదన్న హామీ మాత్రం ఏ గార్డూ ఇవ్వదు. పరుగెత్తే కొద్దీ ఎముక లోపలి అంచు వెంట పెరిగే నొప్పికి కూడా గార్డుతో సంబంధం లేదు. అది ఒక్కసారిగా ఆట ఎక్కువ చేయడం వల్ల, గట్టి నేల వల్ల, అరిగిన బూట్ల వల్ల వస్తుంది. విశ్రాంతి తీసుకుని డాక్టర్‌కు చూపించుకోవాలి.

గట్టి దెబ్బ తగిలితే ఆట ఆపి, కాలు ఎత్తు మీద పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట ఉంచండి. కాలు మీద బరువు మోపలేకపోతే, ఎముక వంకర కనిపిస్తే, కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. ఇంకో లక్షణం చాలామందికి తెలియదు. దెబ్బ తగిలిన కొన్ని గంటలకు పిక్క రాయిలా బిగుసుకుని, నొప్పి తగ్గకుండా పెరుగుతూ, పాదం మొద్దుబారుతుంటే తెల్లారేదాకా ఆగవద్దు. లోపలి ఒత్తిడి రక్తప్రసారాన్ని అడ్డుకుంటోందని దాని అర్థం కావచ్చు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

వాడకం, మార్చే వేళ

ఆట అయ్యాక గార్డులను తడి సాక్స్‌తో కలిపి సంచిలో కుక్కేస్తే రెండో రోజుకే వాసన, నెల తిరిగేసరికి చర్మం దురద. ఇంటికి రాగానే బయట పెట్టండి. వారానికి ఒకసారి గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బుతో చేత్తో కడిగి నీడన ఆరబెట్టండి. వాషింగ్ మెషీన్, డాబా మీది మిట్టమధ్యాహ్నపు ఎండ, కారు వెనక అద్దం దగ్గరి వేడి, ఇవన్నీ జిగురును వదిలించి పెంకు వంపును మారుస్తాయి. తొడుగును సాక్స్‌తో పాటే ప్రతిసారీ ఉతకాలి.

పెంకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని నెలకోసారి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా ఆ జత పక్కన పెట్టాలి. మళ్లీ దెబ్బ తగిలితే అది అక్కడే విరిగి, విరిగిన అంచు కాలికే గుచ్చుకుంటుంది. మెత్త అణగారి పలచబడినా, వెల్క్రో పట్టు వదిలినా మార్చే సమయం వచ్చినట్టే. పిల్లలకు జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి మళ్లీ కాలు కొలవండి. పొట్టిదైపోయిన జత పగుళ్లు లేకుండా ఉంటే కడిగి, ఆరబెట్టి, అదే మైదానంలో గార్డు లేకుండా ఆడుతున్న చిన్న పిల్లవాడికి ఇవ్వండి. ఇచ్చే ముందు అతని కాలు కూడా కొలవండి.